పూసలమ్మ చేతి ముప్పై

ఆపరేషన్ థియేటర్లో ఆ పెద్ద నర్సును అందరూ పూసలమ్మ అంటారు. చీము పట్టిన ఎముకను డాక్టర్లు తొలిచి శుభ్రం చేశాక, ఆ ఖాళీలో పెట్టే మందు పూసలు చేసేది ఆవిడే. సిమెంటు పొడిలో యాంటీబయాటిక్ కలిపి, ద్రవం పోసి, ముద్ద వేడెక్కి రాయిలా బిగిసేలోగా సన్నటి తీగ పొడవునా ముప్పై పూసలు చుట్టేస్తుంది. అప్పుడు పలకరిస్తే పలకదు. ఆ వేళ్ళు ఊరుకోవు. టీ తాగుతూ బిస్కెట్ కాగితాన్ని కూడా ఉండ చేసేస్తుంది.

ఆ రోజు కొత్త సర్జన్ "ఇదేమైనా బ్రహ్మవిద్యా సిస్టర్, ఇలా ఇవ్వండి" అన్నాడు. ఆవిడ గిన్నె ఆయన చేతికిచ్చింది. ఆయన తీగకు ఒక్క పూస చుట్టి, దాని గొప్పతనం చుట్టూ ఉన్న విద్యార్థులకు వివరించేసరికి మిగతా ముద్ద చెంచాతో సహా గిన్నెలో బిగుసుకుపోయింది. బల్లమీద మత్తులో ఉన్న లారీ డ్రైవరుకిది నాలుగో ఆపరేషన్. ఈసారీ చీము ఆగకపోతే కాలు తీసేయాలి. సర్జన్ మొహం పాలిపోయింది. "ఇంకో పాకెట్టు మీరు గిన్నె అడిగినప్పుడే తెప్పించానండీ" అంది పూసలమ్మ. ఆయన వంకర పూస పక్కనే ఇరవై తొమ్మిది చుట్టింది.

ఆరు వారాలకు చీము ఆగింది. నడుముకు మత్తిచ్చి పూసలు బయటికి తీస్తే, డ్రైవరు తలెత్తి ట్రేలోకి చూశాడు.

"అదొక్కటి వంకరగా ఉందేంటి సిస్టర్?"

"అది డాక్టరుగారు స్వయంగా చేసింది నాయనా."

అతను దానికి చేతులు జోడించాడు. "అయితే నా కాలు నిలబెట్టింది అదేనమ్మా."

సర్జన్ నేలచూపులు చూశాడు.

"అంతేగా మరి," అంది పూసలమ్మ, "మిగతావి దానికి తోడెళ్ళాయి."