గుమ్మం పట్టని పొయ్యి

ఇది జరిగినప్పుడు నాకు అక్షరాలు రావు. నోటితో చెబితే విన్నవాళ్లు తలా ఒక ముక్క కలిపారు. ఒకామె తెల్లచీర కట్టిన ఆడమనిషిని కూడా తెచ్చిపెట్టింది. యాభై తొమ్మిదో ఏట చర్చి వరండాలో కూర్చుని రాయడం నేర్చుకున్నాను. అందుకని ఇప్పుడు జరిగినంతవరకే రాస్తున్నాను.

మా ఆయనకు చల్లపల్లి అవతల రొయ్యల చెరువు మీద కాపలా పని దొరికింది. ఆ వయసులో ఇంకో పని దొరకదు. గట్టు మీద తాటాకు పాక, దానికి ఒక తడిక తలుపు. అంతకు ముందున్న కాపలా మనిషి ముసురు రోజున నిప్పుల కుంపటి లోపల పెట్టుకుని, తలుపు బిగించి పడుకున్నాడట. మళ్లీ లేవలేదు. ఒంటి మీద దెబ్బ లేదు, కాలిన మచ్చ లేదు. కుంపటి పెట్టిన చోట నేల మీద మాత్రం నల్లగా గుండ్రటి మరక ఉండిపోయింది. పేడతో అలికాను. ఆరగానే మళ్లీ పైకి తేలింది.

మా ఆయనకు చలి పడదు. ఆయన కూడా పొయ్యి లోపలికి తెచ్చుకుంటారని నా భయం. పాక గుమ్మం వెడల్పు కొబ్బరి తాడుతో కొలిచి, ముడి వేసుకుని, మోసుకెళ్లే కట్టెల పొయ్యి కోసం భవానీపురంలో రేకు సామాన్ల కొట్టుకు వెళ్లాను.

కొట్టు సాయిబు గారు మడత కాళ్ల పొయ్యి ఒకటి తీశారు. "ఇది తీసుకోండమ్మా. సంచీలో పట్టేస్తుంది. చిన్న ఫ్యాన్ ఉంది, పొగే రాదు."

"పొగ రావాలండీ. కాళ్లు మడవకూడదు." పొగ కళ్లలో కొడితే మా ఆయన దాన్ని లోపల పెట్టుకోరు కదా.

నేను తాడు పట్టుకుని ఒక్కో పొయ్యినీ కొలుస్తుంటే ఆయనకు నవ్వు ఆగలేదు. "అందరూ పడుతుందా అని కొలుస్తారు. మీరేంటమ్మా, పట్టకపోతే సంతోషపడుతున్నారు!"

చివరికి కాళ్లు ఎడంగా అతికించిన పొయ్యి ఒకటి తాడు ముడిని రెండు వేళ్లు దాటింది. పిడి పట్టుకుని ఎటైనా మోయొచ్చు. వంచితే గుమ్మం దాటుతుంది కానీ, మండుతున్నప్పుడు వంచితే నిప్పులన్నీ కాళ్ల మీదే పడతాయి. అదే కొన్నాను.

దాన్ని చూసి మా ఆయన, "పెళ్లి భోజనాలు వండుతావా ఏంటే?" అన్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం నుంచీ వాన. పొద్దుగూకే వేళ మేత బస్తాల మీద పట్టా కప్పడానికి అవతలి గట్టుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి పొయ్యి బయట చూరు కిందే ఉంది. అందులో నిప్పులు లేవు. తడిక మూసి ఉంది. పిలిస్తే పలుకు లేదు. తోస్తే రాలేదు, లోపలి నుంచి కట్టి ఉంది. భుజంతో గుద్ది తాడు తెంచాను.

మా ఆయన గుంజకు ఆనుకుని, తల వాల్చేసి ఉన్నారు. ఎదురుగా ఇనుప బాండీ నిండా నిప్పులు. బాండీ సరిగ్గా ఆ మరక మీద ఉంది. చంకల కింద చేతులేసి ఆయన్ని వానలోకి ఈడ్చాను. రెండు సార్లు కక్కుకుని కళ్లు తెరిచారు.

"నిప్పులు ఎందుకు తెచ్చుకున్నారండీ లోపలికి?"

"చలేసింది."

"తలుపెందుకు కట్టారు?"

"నేనెక్కడ కట్టానే? నువ్వేగా, గాలొస్తోందని కట్టి, వచ్చి పక్కన కూర్చున్నావు."

తడి కొంగు చేతులకు చుట్టుకుని లోపలికి వెళ్లాను. బాండీ తీసి చెరువులోకి విసిరేశాను. ఇద్దరం పట్టా కప్పుకుని గట్టు మీదే కూర్చున్నాం. పాకలోంచి కాలుతున్న బొగ్గుల వాసన వస్తూనే ఉంది. గాలి ఆగిపోయాక కూడా తడిక మెల్లగా మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉంది. ఆయన అటు చూడకుండా ఆయన ముఖాన్ని నా భుజానికి అదుముకున్నాను.

తెల్లారాక వాన వెలిసింది. నేను తడికను గుమ్మం నుంచి పీకి, కత్తితో ముక్కలు నరికి, పొయ్యిలో పెట్టాను. తడి తాటాకు కదా, కళ్లు తెరవనివ్వని పొగ. దాని మీదే టీ కాచి ఆయనకిచ్చాను.

"తలుపు లేకుండా ఎలాగే?" అన్నారు.

"అలాగే," అన్నాను. మిగిలిన ముక్క కూడా మంటలోకి తోశాను.