గడియ పాఠం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటుందని ఎవరైనా అంటే నేను నమ్మేవాణ్ణి కాదు. పంతొమ్మిదేళ్ల వయసు మరి. బెంగళూరు చిక్కపేటలో మా నాన్న నూలు అంగడి పైనున్న మేడలో కాపురం. యుద్ధానికి బావ పట్టాళంతో వెళ్లడంవల్ల అక్క తన బిడ్డతో మా ఇంట్లోనే ఉండేది. ఆ బిడ్డను చిట్టి అనేవాళ్లం. రెండేళ్లు నిండవస్తున్నా ఒక్క మాటా పలకలేదు. అక్క దిగులంతా అదే. ఇంట్లో వస్తువులతో ఆడిస్తే పిల్లలకు బుద్ధి వికసిస్తుందని ఎక్కడో చదివిన నేను, ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నాను. గిన్నెలు ఒకదానిలో ఒకటి ఇమడ్చమంటే చిట్టి పెద్దదాన్ని నెత్తిన బోర్లించుకునేది. మరచెంబు మూత ఇస్తే నాకేది. ఆమెకు నిజంగా నచ్చింది ఒక్కటే, సామాన్ల గది తలుపుకు బయటివైపు కింద ఉన్న ఇనుప గడియ. దాన్ని తోసి వేయడం రెండు రోజుల్లో నేర్పాను. (తీయడం మూడోనాటి పాఠం.)

ఆ మూడోనాడే పదకొండు గంటలకు దండు ప్రాంతంలోని, అంటే కంటోన్మెంటులోని, ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి నన్ను రమ్మన్నారు. అమ్మా అక్కా చిట్టిని నాకు అప్పగించి, బయల్దేరేటప్పుడు కింద అంగట్లో నాన్నకు ఇచ్చి పొమ్మని చెప్పి, వీధి చివరి కొళాయికి నీళ్లకు వెళ్లారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అమ్మ దాచిన బెల్లం కోసం సామాన్ల గదిలో దూరాను. వెనకాల టక్కుమని గడియ పడింది.

మొదట నవ్వొచ్చింది, శిష్యురాలి ప్రతిభకు. అంతలో మెట్లు గుర్తొచ్చాయి. అంగట్లోకి దిగే ఆ నిటారు చెక్కమెట్లకు తలుపు లేదు. ఎంత అరిచినా పక్కసందు కంచరివాళ్ల సుత్తుల మోతలో కింద ఉన్న నాన్నకైనా వినబడుతుందా? పిల్లను తలుపు దగ్గరే నిలపాలని ఒక పళ్లెం తీసి గరిటెతో వాయించాను. బయట గిన్నె మోగింది. నేను రెండు దెబ్బలు వేస్తే ఆమె నాలుగు. గంటసేపు అలా కచేరీ సాగింది. ఉన్నట్టుండి బయటి చప్పుడు ఆగిపోయింది. చిట్టీ అని పిలిచాను. నేల మీద పడుకుని తలుపు సందులోంచి చూడబోతుంటే, కిందినుంచి రెండు చిట్టి వేళ్లు లోపలికి వచ్చాయి.

"మామా" అంది.

ఆ వేళ్లు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కాసేపటికి అమ్మ వచ్చి గడియ తీసింది.

"ఏమప్పా, పొద్దెక్కిపాయె, ఇంకా ఈడే ఉండావా?"

"చిట్టి మాట్లాడిందమ్మా. మామా అనింది."

అక్క బిందె దించేసి పిల్ల ముందు కూలబడి ఎన్ని విధాల అడిగినా చిట్టి నోరు విప్పలేదు. అమ్మ నా చొక్కాకంటిన బెల్లం వైపు చూసింది.

"చాల్లేప్పా. ఉద్యోగం పోగొట్టుకొని, సుమ్నే, ఊరికే, తప్పు బిడ్డ మీద పెడతా ఉండావు."

ఉద్యోగం పోయింది నిజమే. (ఆరునెలలకు మరొకటి దొరికింది.) మరుసటి నెల చిట్టి పిట్టగోడ మీదికి వేలు చూపి "కాకి" అంది. అక్క ఏడ్చేసింది, అమ్మ వీధంతా చక్కెర పంచింది. మా ఇంటి చరిత్రలో చిట్టి మొదటి మాట ఇప్పటికీ కాకే. ఆ అన్యాయానికి నేను చాలా ఏళ్లు ఉడికిపోయి, పెళ్లిళ్లలో, పేరంటాల్లో సాక్ష్యాలతో సహా వాదించేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. అందరూ నమ్మి ఉంటే అది అందరిదీ అయిపోయేది. ఎవరూ నమ్మకపోబట్టే నా ఒక్కడికే మిగిలింది.