ఎవరి పిన్ను వాళ్లదే

వై.ఎన్.హొసకోట బజారులో మాది పురుగుమందుల అంగడి. ఎవరినీ కాదనకుండా అందరితో మంచిగా ఉండడమే వ్యాపారమని నేను చాలాకాలం నమ్మాను. నమ్మడమే కాదు, నాకంటే గడుసువాళ్లు బజారులో లేరని లోలోపల మురిసిపోయాను కూడా. బ్యాటరీ స్ప్రేయర్లు వచ్చాక ఆ మురిపెం కాస్తా దిగిపోయింది.

ఒకే వానాకాలంలో రెండు కంపెనీల ఏజెంట్లు మా మెట్లెక్కారు. మొదటాయన మిషన్‌కు మామూలు ధర చెప్పాడు. దాని బ్యాటరీకి ఉండేది ఏ అంగట్లోనైనా దొరికే రెండు తీగల పిన్ను. రెండో ఆయన దాదాపు సగం ధరకే ఇస్తానన్నాడు. అయితే అతనిది మూడు పళ్ల పిన్ను, ఆ కంపెనీ బ్యాటరీ తప్ప ఇంకేదీ పట్టదు.

"ఇంత చవగ్గా ఇస్తే మీకేం మిగులుతుంది?" అని అడిగాను.

"మిషన్ ఒక్కసారే కొంటారు మేడమ్. బ్యాటరీ మళ్లీ మళ్లీ కొనాలి. ఒకసారి మా పిన్నుకు అలవాటు పడితే ఇంకెక్కడికి పోతారు?" అని నవ్వాడు.

అతని తెలివికి నేనూ నవ్వాను. అలా ఎక్కడికీ పోలేకుండా చిక్కుకునేది నా అంగడికి వచ్చేవాళ్లేనన్న సంగతి నాకు తట్టలేదు. ఇద్దరి సరుకూ దించుకుని, చవకైనది కావాలన్నవాళ్లకు మూడు పళ్లది, మిగతావాళ్లకు రెండు తీగలది అంటగట్టాను. దగ్గర్లోని బలసముద్రం ఊర్లో రెండు రకాలూ చెరిసగం అమ్ముడుపోయాయి.

మరుసటి ఏడు ఒక ఆదివారం పొద్దున్నే బలసముద్రం నుంచి ఒకామె వచ్చింది. నాకన్నా పదేళ్లు పెద్ద. పొలంలో ఎక్కువ భాగం సోలార్ కరెంటు కంపెనీకి లీజుకిచ్చి, కంచె పక్కన మిగిలిన రెండెకరాల్లో శెనక్కాయ వేసుకుంది. వారమంతా ఆ సోలార్ పలకలు కడిగే కూలిపని, ఆదివారం సొంత చేను. వీపు మీది మిషన్‌ను దించి నా ముందు ఠక్కున పెట్టింది.

"బ్యాటరీ సచ్చిపోయిందమ్మా. ఆకుమచ్చ చేనంతా పాకతా ఉండాది. ఈ పొద్దు మందు కొట్టకుంటే మళ్లా ఆదివారం దాకా నాకు పురసత్తు లేదు. అప్పటికి చెట్టుకు ఆకే ఉండదు."

ఆ బ్యాటరీ బెంగళూరు నుంచి రావాలి, వారం పడుతుంది. "పక్క చేనోళ్లను అడగలేదా అక్కా?" అన్నాను.

ఆమెకు ఒళ్లు మండింది. "అడక్కుండా వస్తానా? ఒకరి మిషన్ ఒకరు ముట్టుకోం, నీకు తెల్సు గదా. దాంట్లో ఎవురు కలుపుమందు పోసింటారో, నా చేను మాడిపోతాది. బ్యాటరీ అయితే అడిగితే ఎవురైనా ఇస్తారు. ఇచ్చినారు కూడా. ఈ పక్కామెది పట్టలేదు, ఆ పక్కామెది పట్టలేదు. నా పిన్ను ఉండేవాళ్లు ఈ పొద్దే మందు కొడతా ఉండారు. అందరమూ నీ అంగట్లోనే కొన్న్యాం గదమ్మా, యాల పట్టదు?"

నాకు సిగ్గేసింది. పక్కపక్క చేన్లవాళ్లకు ఒకరి బ్యాటరీ ఒకరికి పనికిరాకుండా చేసింది నేనే. ఎవరినీ నొప్పించకూడదనుకున్నది ఏజెంట్ల గురించే కానీ, ఈమె గురించి నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

రెండు రకాల బ్యాటరీలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ పన్నెండు వోల్టులే. తేడా అంతా పిన్ను మూతిలోనే ఉంది, మూడో పంటికి తీగే లేదు. మిషన్ వైరు కోస్తే గ్యారంటీ పోతుందనీ, అలా కోసిన అంగడికి సరుకు ఆపేస్తామనీ మూడు పళ్ల కంపెనీ ఏజెంటు ముందే చెప్పాడు. అయినా మూడు పళ్ల పిన్ను కోసేసి, ఎరుపు తీగకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి, రెండు తీగల పిన్ను అతికించి టేపు చుట్టాను. రెండు తీగల బ్యాటరీ తగిలిస్తే మోటారు గుర్రుమంది, నాజిల్ నుంచి నీళ్లు చిమ్మాయి.

"పక్కామెది పడతాదా?"

"రెండు తీగలది ఎవరిదైనా పడుతుంది అక్కా."

ఆమె మిషన్ వీపుకెత్తుకుని బస్సుకు పరుగెత్తింది.

తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చింది. "కింది ఆకులు రాలినాయి. పైన మాత్రం పచ్చగా ఉండాది" అంది. వెనకే ఇంకో ఐదుగురు మూడు పళ్ల మిషన్లతో మెట్లెక్కుతున్నారు. "మావీ కొయ్యమ్మా" అన్నారు. సాయంత్రం దాకా మిషన్లకూ వాళ్ల బ్యాటరీలకూ పిన్నులు కోసి మారుస్తూనే ఉన్నాను. చాలా రోజుల తర్వాత నా పని నాకు నచ్చింది.

ఆ సంగతి మూడు పళ్ల ఏజెంటుకు తెలియనే తెలిసింది. అయినా మరుసటి వానాకాలం కొత్త మోడల్ పట్టుకుని వచ్చాడు, ధర ఇంకా తగ్గించి. ఆ వేళకు బలసముద్రం ఆమె నాజిల్ మార్పించుకోవడానికి మిషన్‌తో అంగట్లోనే ఉంది. ధర అడగలేదు. కొత్త మిషన్‌ను బోర్లించి, పిన్ను చూసి, అతని చేతికే ఇచ్చేసింది.

"ఇది మా ఊర్లో ఎవురికీ పట్టదప్పా. మా పిన్ను పెట్టుకోని రా, కొంటాం."

అతను నా వైపు చూశాడు. "నా మాటా అదే" అన్నాను. కాదనడం నాకు అలవాటు లేదు కానీ, అన్నాను.

అతను ఫోన్ తీసి, ఆమె మిషన్‌కు నేను అతికించిన పిన్నును ఫోటో తీసుకున్నాడు. హెడ్డాఫీసుకు పంపుతానన్నాడు.

"ఇంకోటి తియ్యప్పా" అందామె, మిషన్‌ను వెలుగులోకి తిప్పి. "మసగ్గా వస్తే మళ్లా తప్పు పిన్నే చేసి పంపిస్తారు."