కంప్యూటరుతో ఆడిన బేరం

నెల్లూరు జిల్లాలో కంప్యూటరుతో కూడా బేరమాడి నెగ్గిన వ్యాపారిని నేనొక్కణ్ణే అయి ఉంటాను. విండోసుకు డబ్బు పెట్టడం దండగని, ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించాను. అందులోనూ తేలికరకం కాదు. ఇది అన్నం పెట్టదు, వడ్లు చేతికిస్తుంది. దంచుకోవడం, చెరుక్కోవడం, వండుకోవడం మనవంతు. ప్రతి ప్రోగ్రామునూ దాని మూల కోడ్ నుంచి మన మిషను మీదే తయారు చేసుకోవాలన్నమాట. అక్కర్లేనివన్నీ కొట్టేసుకోవచ్చని ఎక్కడో చదివాను. కొట్టేసుకోవచ్చన్నాక నేను ఆగుతానా?

మా నాన్న, చిన్నాన్నలు, మేనమామలు అందరూ అంగళ్ళవాళ్ళే. నాకు జువ్వలదిన్నె రేవు దగ్గర వలలు, తాళ్ళు అమ్మే అంగడి ఉంది. జీఎస్టీ బిల్లుల కోసం పాతది చూసి కొన్న కంప్యూటరు అది. నాలుగు రోజులు దాని ముందు కూర్చున్నాను. దాని గుండెకాయను కెర్నెల్ అంటారు. అందులో ఏమేం ఉండాలో అడిగే చాంతాడంత జాబితాను హోల్‌సేలువాడి కొటేషను చదివినట్టు చదివాను. టీవీ కార్డా, వద్దు. జాయ్‌స్టిక్కా, వద్దు. నెట్‌వర్క్ కార్డుల పేర్లయితే పేజీలకు పేజీలు. ఇన్నెందుకని ఒక్కటుంచి మిగతావన్నీ కొట్టేశాను. ఆ ఒక్కటి నా పెట్టెలో ఉన్నదో కాదో చూడలేదు. పట్టీ పొట్టిదవుతుంటే కలిగే ఆనందం అలాంటిది.

ఐదో రోజు పొద్దున తొమ్మిదింటికి కొడవలూరు నుంచి మా పిన్ని కూతురు వచ్చింది. నర్సు కోర్సు చదివి, పెళ్ళయ్యాక ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి. ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టులు పడ్డాయి. దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటిదాకే గడువు. కావాల్సిన సర్టిఫికెట్ ఒకటి ముందురోజే చేతికొచ్చింది. వయసు పరిమితి దాటబోతోంది కాబట్టి ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఫోనులో ఫారం ఎక్కలేదు. నెట్ సెంటరుకు పోతానంటే, "వాళ్ళకెందుకు నూట యాభై పోస్తావుమే, మా అంగట్లో చేద్దాం రా" అని పిలిచింది నేనే.

కంప్యూటరు వెలిగింది. నెట్ రాలేదు.

తీగ పీకి మళ్ళీ గుచ్చాను. రూటరు ఆపి, తిరిగి వేశాను. ఇంక కేబులాయన్ని పిలిచి, "ఏందన్నా, నెలనెలా వసూలు చేసుకునేది ఈ సొగసుకేనా?" అని దులిపాను. ఆయన వచ్చి, మా రూటరుకు తన ఫోను కలిపి చూసి నవ్వాడు. "నెట్టు బ్రహ్మాండంగా వస్తా ఉండాది సామీ. తంటా నీ డబ్బాలోనే."

ఒప్పుకోబుద్ధి కాలేదు. లైనక్స్ ఎక్కించడానికి వాడిన పెన్‌డ్రైవుతో తెరిచి చూశాను. నల్లటి తెర మీద నెట్ చక్కగా నడిచింది. ఫారం నింపడానికి అందులో బ్రౌజరు లేదు. తిరిగి నా లైనక్సులోకి వస్తే, నెట్‌వర్క్ కార్డనేదే లేదంటుంది.

"అన్నా, నేను కావలి పొయ్యి నెట్ సెంటర్లో చేసుకుంటాలే" అంది చెల్లెలు.

అంగట్లో పెరిగినవాడికి ఒక జబ్బుంటుంది. మెట్టెక్కిన మనిషిని ఉత్తచేతులతో దిగనివ్వడు. సరుకు లేకపోతే లేదనడు. మా నాన్న ముందు స్టూలు వేసేవాడు, తర్వాత సోడా తెప్పించేవాడు. సోడా తాగిన మనిషి లేవడానికి మొహమాటపడతాడు. ఈలోగా పెరటిదోవన పక్కంగడి నుంచి సరుకు వచ్చేది.

"ఉండుమే, పది నిమిషాలు" అని సోడా తెప్పించాను.

పన్నెండున్నరకు అసలు సంగతి దొరికింది. పెట్టెలో ఉన్న కార్డు పేరు వెతికి చూస్తే, నేను కొట్టేసిన వాటిలోదే. ఫోనుకు తీగ తగిలించి నెట్ తెద్దామని చూశాను. జాబితాలో దాని వరుసనూ కొట్టేసి ఉన్నాను.

"ఏమైందన్నా?"

"ఒక ముక్క తక్కువైంది."

"ఎవురు తీసేసినారు?"

"కంపెనీవాళ్ళు" అన్నాను, రెప్ప వేయకుండా.

"ఇప్పుడు పోయినా అందుతాది. పోతాన్నా."

"గంటలో అయిపోతుందమ్మా. ఇంతసేపు కూర్చున్నావు."

ఆ ముక్కను కలిపి కెర్నెలును మొదటినుంచీ తయారు చేయమన్నాను. ముసలి మిషను. తెరమీద అక్షరాలు చీమలబారులా పాకుతూనే ఉన్నాయి. ఆమె సర్టిఫికెట్ల కవరు ఒళ్ళో పెట్టుకుని ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది. మూడింటికి లేచి నిలబడింది.

"అవి ఎప్పటికి ఆగతాయన్నా? నేను పోతా."

"ఇదిగో, అయిపోవచ్చింది." నాకు తెలియదు. అయినా అన్నాను.

ఐదూ ఐదుకు నెట్ వచ్చింది. దరఖాస్తు పేజీ తెరిస్తే గడువు ముగిసిందని ఒకే ఒక్క వాక్యం.

"రేపు తెరుచుకోదా అన్నా ఇది?"

"తెరుచుకోదమ్మా" అన్నాను. ఆ రోజు ఆమెతో చెప్పిన మొదటి నిజం అదే.

ఆమె ఇప్పుడు కావలిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో షిఫ్టులు చేస్తోంది. ఎవరైనా అడిగితే ఆ రోజు సర్వరు పని చేయలేదని చెబుతుంది. నేను దిద్దలేదు.

ఇక లెక్క. కంప్యూటరు పేరున ఏమీ రాయను, వద్దన్నవి వద్దన్నట్టే వదిలేసింది. కేబులాయన పేరునా ఏమీ లేదు. అంగట్లోకి వచ్చాక ఆమె పోతానన్నది మూడుసార్లు. మొదటిసారి వదిలితే పనయ్యేది. రెండోసారి వదిలినా అయ్యేది. మూడోసారి కష్టమే. మూడుసార్లూ ఆపింది నేనే. ఉద్యోగం పోయిందని రాయలేను, వచ్చేదో రాదో ఎవరికి తెలుసు? పోయింది అడిగి చూసుకునే ఒక్క అవకాశం, అది ఆమెది. మిగిలింది నెట్ సెంటరువాడికి ఇవ్వాల్సిన నూట యాభై రూపాయలు. అదీ నాది కాదు, ఆమెదే.