కుండ మీద చల్లని పెట్టె

అక్కకు గద్వాలలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు. అక్కకు చిన్నప్పటి నుంచీ షుగర్. పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది వేసుకోవాల్సిందే. బిజినేపల్లిలో ఆ సీసాను మందుల దుకాణం ఫ్రిజ్‌లో దాచేవాళ్లం. గద్వాల హాస్టల్లో ఫ్రిజ్ లేదు, రెండు పూటలా దుకాణానికి బయటికి పోనివ్వరు. "ఎండకు మందు పాడైతే నిన్నెవరు చూస్తరు బిడ్డా? వద్దు," అని నాయన తేల్చేశాడు. అక్క సీటు కాగితం మడిచి పెట్టెలో పెట్టేసింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నేనప్పుడు వనపర్తిలో పాలిటెక్నిక్ చదువుతున్నాను. నాకు చదువు కంటే నోరే ఎక్కువని అమ్మ అనేది. కాలేజీలో పాడైన నీళ్ల కూలర్ ఒకటి మూలన పడి ఉంటే, సారును బతిమాలి అందులోంచి అగ్గిపెట్టెంత తెల్లటి పలక పీకి ఇంటికి తెచ్చాను. దాని లోపలంతా బిస్మత్ టెల్లురైడ్ ముక్కలు. అది కరెంటును బాగానే పోనిస్తుంది, వేడిని మాత్రం అంత తేలిగ్గా దాటనివ్వదు. తీగలు బ్యాటరీకి కలిపితే ఒక ముఖం నుంచి వేడిని లాగి రెండో ముఖానికి తోస్తుంది. ఇటు చల్లన, అటు వేడి. గ్యాసు లేదు, మోటారు లేదు, చప్పుడసలే లేదు. నాకైతే దాన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

థర్మాకోల్ డబ్బా అడుగున పలక బిగించి, వేడి ముఖానికి అల్యూమినియం రెక్కలు తగిలించి, రెండు ఇటుకల మీద నిలబెట్టాను. కరెంటు పోయినా నడవాలని కొత్తకోట మెకానిక్ దగ్గర పాత కారు బ్యాటరీ తెచ్చాను. పరీక్షకు ఒక ఖాళీ ఇన్సులిన్ సీసాలో నీళ్లు నింపి లోపల పెట్టి, బయటికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ ఆ డబ్బాకు తడి గోనెసంచి చుట్టేసింది, నీళ్ల కుండకు చుట్టినట్టే, ఇటుకల మధ్య సందు కూడా మిగల్చకుండా. ఎండకు గోనె ఎప్పుడో ఆరిపోయింది. రెక్కల వేడి పోయే దారిలేక డబ్బాలోకే తిరిగొచ్చింది. నాయన సీసా పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది.

"గీ డబ్బనా బిడ్డను కాపాడేది?" అన్నాడు.

నేను అమ్మ మీద ఇంతెత్తున లేచాను. చల్లగుండాలనే చుట్టానని అమ్మ చిన్నబుచ్చుకుంది. అక్క వెళ్లి వెడల్పు మూతి నీళ్ల కుండను తెచ్చి నా ముందు పెట్టింది.

"రెక్కలకు గూడ చల్లదనమే గావాలె గద చెల్లె. గిండ్ల ముంచితే?"

ఇటుకలు తీసేసి, రెక్కలు మాత్రమే నీళ్లలో మునిగేలా డబ్బాను కుండ మూతి మీద కూర్చోబెట్టాం. వేడిని నీళ్లు తీసుకున్నాయి, నీళ్ల వేడిని కుండ చెమర్చి గాలికి వదిలేసింది. మిట్టమధ్యాహ్నం కరెంటు లేనప్పుడు మూత తీస్తే, సీసా దుకాణం ఫ్రిజ్‌లోంచి తీసినట్టే ఉంది. అక్క దాన్ని చెంపకు ఆనించుకుని నవ్వింది.

ఆ తర్వాత నాయన చేను నుంచి రాగానే కాళ్లు కూడా కడగకుండా మూత ఎత్తి సీసా ముట్టుకునేవాడు. అవుననలేదు, కాదనలేదు. హాస్టల్లో చేరాల్సిన రోజు తెల్లారేసరికి ఇంట్లోనే లేడు. ఎవరికీ చెప్పకుండా పోయాడని అక్క కళ్లు తుడుచుకుంది. అయినా డబ్బా, బ్యాటరీ పట్టుకుని బస్టాండుకు నడిచాం.

బస్సు వచ్చి ఆగాక, నాయన భుజం మీద కొత్త కుండతో కనబడ్డాడు.

"నీళ్లు పోసి చూసిన. మంచిగ చెమట పడ్తుంది," అన్నాడు.

కుండను అక్కకు అందిస్తాడనుకున్నాం. తనే బస్సెక్కి, గద్వాల దాకా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.