పసుపు కాయితం జ్ఞానశేఖర్

2007 ఫిబ్రవరి మొదటి ఆదివారం, కార్ఖానాలోని మా చర్చిలో ప్రభువు బల్ల సంస్కారం జరుగుతోంది. చిన్న చిన్న గాజు కప్పుల్లో ద్రాక్షరసం పళ్లెం మీద మా వరసకు వచ్చింది. నేనొకటి తీసుకున్నాను. నా పక్కన మా బావ జకర్యా ఒకటి తీసుకున్నాడు. ఆయన పక్కన జ్ఞానశేఖర్ ఒకటి తీసుకున్నాడు. అయితే తాగలేదు. చొక్కా జేబులోంచి పసుపుపచ్చ కాయితం ముక్క తీసి కప్పులో ముంచాడు. కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, రసం రంగు కాయితానికి అంటుకున్నది. రీడింగ్ సక్కగ వస్తలేదు. ఇంకో కప్పు దొరుకుతదా?"

రెండు వందల తలలు ఒక్కసారిగా మా వరస వైపు తిరిగాయి. కీబోర్డు వాయించే ఆలిస్ చెయ్యి ఒకే మెట్టు మీద ఆగిపోయి, చర్చి అంతా 'కుయ్'మంది. పాస్టరు గారి ముప్పై ఏళ్ల సేవలో ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. పాపం, ఇంకో కప్పు ఇప్పించారు. "మూడున్నర" అని జ్ఞానశేఖర్ ప్రకటించాడు. ఆయన నా చిన్ననాటి స్నేహితుడన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తురాకూడదని, నేను పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను.

జ్ఞానశేఖర్‌కు ఉన్న రోగం అదొక్కటే. తడిగా ఏది కనబడినా అందులో ఆసిడ్ ఎంత ఉందో రంగు మారి చెప్పే పీహెచ్ కాయితం ముంచాలి. టీ ఇస్తే ముంచుతాడు, "ఆరున్నర" అంటాడు, అప్పుడు తాగుతాడు. మజ్జిగ నాలుగుంబావు. చారు నాలుగు. నేరేడ్‌మెట్‌లో ఒక పెళ్లి భోజనంలో పెరుగు పచ్చడిలో ముంచేసరికి, వంటల కాంట్రాక్టరు బ్రహ్మచారి ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడనుకుని చెమటలు కక్కాడు.

"పొద్దుగాలనే తోడువెట్టినం సార్! మా అమ్మ తోడు!" అంటూ డబల్ కా మీఠా పెద్ద డబ్బాలో కట్టి చేతిలో పెట్టాడు. జ్ఞానశేఖర్ డబ్బా మూత తీసి అందులోనూ ముంచాడు.

ఆ కాయితాలు ఆయనకు ఎక్కడివంటే, ఆయన సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. అక్కడ డాక్టర్ సలోమి గారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. తాగి తాగి కాలేయం పాడుచేసుకున్నవాళ్లు కడుపులో మంట అంటూ ఆసిడిటీ మాత్రలు పప్పుబెల్లాల్లా మింగుతుంటారు కదా. ఆ కడుపులో అసలు ఆసిడ్ ఎంత ఉంది, దానికీ కాలేయానికీ లంకె ఏమైనా ఉందా అని ఆవిడ ప్రశ్న. నలభై మందిని చేర్చుకున్నారు. నెలకోసారి పరగడుపున ముక్కులోంచి సన్నని గొట్టం వేసి కడుపులో నీళ్లు తీస్తారు. అందులో కాయితం ముంచేది జ్ఞానశేఖరే. నెలకోసారి ఇంటికి వెళ్లి కళ్లు పచ్చబడ్డాయా, కాళ్లు వాచాయా చూసి రాసుకొచ్చేదీ ఆయనే. చేరినవాళ్ల పేరు బయటికి పొక్కదని ఒక ఫారం మీద ఆయన చేత సంతకం కూడా తీసుకున్నారు.

ఆ నలభై మందిలో ఒకడు మా బావ.

ఇక్కడో మాట. ఇందులో అందరి పేర్లూ మార్చాను. జ్ఞానశేఖర్ పేరొక్కటే మార్చలేదు. మార్చినా కాయితం చూసి గుర్తుపట్టేస్తారు.

బావ ఒక మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. చొక్కా జేబులో సుద్దముక్క, ప్యాంటు జేబులో ఆసిడిటీ మాత్రలు, బీరువాలో చొక్కాల వెనక సీసా. మా అక్క దేవకృపకు తెలుసు, నాకు తెలుసు, జ్ఞానశేఖర్‌కు తెలుసు. ఆసుపత్రి దాటి నాలుగో మనిషికి తెలిస్తే ఉద్యోగం పోతుంది. ఎందుకంటే స్కూలు కమిటీ సెక్రటరీ యెషయా గారు అక్క ఇంటికి ఎదురుగానే ఉంటారు. ఆయన భార్య కాంతమణి గారికి తెలిసిన విషయం సాయంత్రానికల్లా యాప్రాల్ దాకా పాకుతుంది.

అలాంటి వీధిలోకి, ఫిబ్రవరి రెండో శనివారం, జ్ఞానశేఖర్ ఆసుపత్రి పేరున్న సంచీ భుజాన వేసుకుని సరాసరి బావ ఇంటికొచ్చాడు.

"ఎవరికమ్మా దేవకృపా, బాగాలేదా?" అని కాంతమణి గారు గేటు దగ్గర్నుంచే కేకేశారు.

"కుక్కకండీ!" అంది కంగారులో మా అక్క.

వాళ్లకు కుక్క లేదు. ఆ తర్వాత వారం రోజులు కుక్క ఎలా ఉందని వీధంతా పరామర్శించింది.

నేను జ్ఞానశేఖర్ మీద విరుచుకుపడ్డాను. "ఒరే, నీకు బుద్ధుందా? బావ ఉద్యోగం ఊడగొడతావా?"

"పరేషాన్ గాకు జీవా. వచ్చే నెల చూసుకుంట" అన్నాడు.

వచ్చే నెల చూసుకున్నాడు. సంచీ లేదు. కాయితాలతో వీధి మొదటి ఇంటి తలుపు కొట్టి, "అమ్మా, జెర మీ నీళ్లు చూస్తా" అన్నాడు. తర్వాత రెండో ఇల్లు. తర్వాత మూడోది. పద్నాలుగు ఇళ్లూ! ఒక్కో ఇంట్లో నీళ్లు, చారు, మజ్జిగ, చంటిపిల్లాడి గ్రైప్ వాటరు, దేన్నీ వదల్లేదు. మూలింటి కామాక్షి గారి కొబ్బరినూనెలోనూ ముంచాడు. నూనెలో ఆ కాయితం పనిచేయదని పదో తరగతి పిల్లలకు తెలుసు. పదిహేనేళ్ల సర్వీసున్న ఈయనకు తెలియదా? పిచ్చి ముదిరిందనుకున్నాను.

వీధివాళ్లు మాత్రం మరిగారు. నాలుగు నెలలు తిరిగేసరికి రెండో శనివారమంటే ఆడవాళ్లు ప్రత్యేకంగా చారు కాచేవారు.

"మా చారు నాలుగు. మీది మూడున్నరేగా వదినా?"

"కిందటి నెల చింతపండు మంచిది దొరకలేదులెండి."

అందరి నవ్వులూ చివరికి నా దగ్గరికే వచ్చేవి. "మీ కాయితం సారు ఇవాళ రాలేదా?" అని పాలవాడు కూడా అడిగేవాడు. మా ఆవిడ మార్త అయితే ఆయన వస్తుంటే టీ గిన్నె మీద మూత పెట్టేసేది.

ఆగస్టులో ఒకరోజు కాంతమణి గారు నన్ను సందు మొగలో ఆపారు.

"జీవరాజు గారూ, మీ స్నేహితుడు ఎందుకొస్తున్నాడో నాకు తెలిసిపోయింది."

"ఏం తెలిసిందండీ?" అన్నాను.

"మా చెల్లెలి కూతురు ఆ ఆసుపత్రిలో నర్సు. అక్కడ తాగుబోతుల మీద రీసెర్చ్ చేస్తున్నారట. మీ వాడు వాళ్ల ఇళ్లకు తిరుగుతాడట. అంటే మన వీధిలో ఒకడున్నాడు."

అక్క మొహం, బావ మొహం, స్కూలు గేటు నా కళ్ల ముందు తిరిగాయి. "ఎ... ఎవరండీ?" అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "మా ఆయనేనని అందరూ అనుకుంటున్నారండీ! కిందటి నెల మా ఇంట్లో ముప్పావుగంట కూర్చున్నాడు. మిగతా ఇళ్లల్లో ఇరవై నిమిషాలేనట. మా ఆయన సోడా కూడా తాగరని మీకు తెలుసుగా! దయచేసి అన్ని ఇళ్లల్లోనూ సమానంగా కూర్చోమనండి!"

నాకు ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. పరుగున వెళ్లి జ్ఞానశేఖర్‌కు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు.

"గుత్తొంకాయ కూర వెట్టింది జీవా. లెవ్వబుద్ధి కాలే. తప్పయింది. బావను చూసుడు పావుగంట పని, జేబుల ఫారం నింపుడు ఐదు నిమిషాలు. అందుకే అందరికీ ఇరవై పెట్టుకున్న. వట్టిగ కూసుంటే అనుమానం రాదా? ఏదో ఒకటి ముంచాలె గద!"

అప్పుడు నాకు కొబ్బరినూనె సంగతి అర్థమైంది. పద్నాలుగు ఇళ్లు, ఇంటికి ఇరవై నిమిషాలు. ఆయన సెలవు రోజంతా పోయేది. సెప్టెంబరు నుంచి ల్యాబ్‌లో వాడే టైమరు కూడా తెచ్చుకున్నాడు. అది గణగణమనగానే నోట్లో ముద్ద ఉన్నా లేచిపోయేవాడు.

మరుసటి ఫిబ్రవరిలో పరిశోధన అయిపోయింది. సలోమి గారు బావను పిలిచి, కాలేయం కోలుకుంటోందనీ, ఇక చుక్క ముట్టకుండా ఉంటే చాలుననీ చెప్పారు. బావ ఏడాదిగా ముట్టనే లేదు. మరి ఆసిడ్‌కూ కాలేయానికీ లంకె ఉందా అని నేను ఆత్రంగా అడిగాను. "దానికి ఇంకా పెద్ద స్టడీ చేయాలండీ" అన్నారావిడ. ఏడాది పాటు ముక్కులో గొట్టం వేయించుకున్న బావ నా వంక చూశాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ ఏడాదిలో మేం అలా నవ్వడం అదే మొదలు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ నేనన్నాను: "ఏమైనా జ్ఞానశేఖర్ వీధిలో చేసింది బాగుంది గానీ బావా, ఆ రోజు చర్చిలో మాత్రం మన పరువు తీశాడు."

బావ ఆగిపోయాడు. "నువ్వు నా పక్కనే కూర్చున్నావుగా జీవా. చూడలేదా?"

"ఏం చూడాలి?"

"నేను తాగుడు మానేసి అప్పటికి నాలుగో రోజు. కప్పు పట్టుకుంటే చెయ్యి ఒకటే వణుకు. రసమంతా తెల్లచొక్కా మీద ఒలికిపోయింది. ముందు వరసలో యెషయా గారు ఇటు తిరగబోతున్నారు. అప్పుడు లేచాడు వాడు. అందరూ వాడినే చూస్తున్నారు, నేను కోటు గుండీలు పెట్టేసుకున్నాను. తర్వాత ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు ఆ రెండో కప్పు నాకే ఇచ్చాడు. తన చెయ్యి కింద పెట్టి తాగించాడు."

"మరి మూడున్నర అన్నాడుగా?"

"ఏదో ఒకటి అనాలి కదా."

ఆ ఆదివారానికి ముందు జ్ఞానశేఖర్ ల్యాబ్ బయట కాయితం ముంచగా ఎవరైనా చూశారా అని ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

ఇది జరిగి రెండేళ్లయింది. బావకు హెడ్‌మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది. ఇప్పటికీ రెండో శనివారం పద్నాలుగు ఇళ్లలో చారు కాగుతోంది. మొన్న ఆయన మా ఇంటికొచ్చాడు. మార్త టీ ఇచ్చింది. జేబులోంచి కాయితం తీశాడు.

"ఒరే, పరిశోధన అయిపోయింది, బావ బాగైపోయాడు. నా టీలో ఇంకా ఎందుకురా ఈ ముంచడం?" అన్నాను.

జ్ఞానశేఖర్ కాయితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, దాని వంకే చూస్తూ అన్నాడు:

"ఇప్పుడు ఆపితే, ఎవరి కోసం షురూ చేసిన్నో అందరికీ ఎరుకైతది గద!"