మూడు కడ్డీల గేటు దగ్గర మా నాయన

వానల్లేక మేత దొరక్క మా నాయన గొర్రెలన్నీ అమ్మేశాక, నేను కుట్టుపని చేసే బట్టల ఫ్యాక్టరీలోనే ఆయనకు గేటు కాపలా పని ఇప్పించాను. సోమందేపల్లె దాటాక హైవే పక్కనే ఫ్యాక్టరీ. గేటులో నడుమెత్తున మూడు ఇనుప కడ్డీలుంటాయి. కార్డు చూపిస్తే అవి ఒక్కసారి తిరిగి ఒక్క మనిషిని వదులుతాయి. మొదటి నెలలో ఒక్క తప్పు దొరికినా తీసేస్తామని మేనేజరు చెప్పాడు. ఈ వయసులో ఆయనకు ఇంకో పని ఎవరిస్తారు?

నాయనకు గేటు చూడగానే నచ్చింది. "ఇది మన దొడ్డి సందే గదా," అన్నాడు. సాయంత్రం మంద రాగానే ముళ్ళకంప కాస్త జరిపి, ఒక్కో గొర్రెనూ వీపు తట్టి దొడ్డిలోకి వదిలేవాడు. అంకెలు లెక్కపెట్టడు, మొహం చూస్తాడంతే. ఇక్కడ మాత్రం ఎవరి వీపూ తట్టొద్దని చేతులెత్తి మొక్కాను.

నాకో దొంగబుద్ధి ఉండేది. శనివారాలు నాలుగింటికే క్యాంటీను వెనక గోడ దూకి ఇంటికొచ్చి పడుకునేదాన్ని. ఆరింటికి నా పక్క మిషను పిల్ల నా కార్డు చూపించి ఖాళీ కడ్డీని చేత్తో తోసేది. అమాయకపు గేటు, నేనే వెళ్ళాననుకునేది. అంత జనంలో ఒక మొహం తగ్గితే నాయనకేం తెలుస్తుందనుకున్నాను. గొర్రెల కాపరి కూతురికి రావలసిన బుద్ధి కాదది.

నాయన పనిలో చేరాక వచ్చిన మొదటి శనివారం ఆ పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, మీ నాయన బీగం ఎయ్యనీకుండా గేటుకు అడ్డం నిలబడినాడు. నువ్వు బయటికి రాలేదంటాండాడు. మేనేజరు పక్కనే ఉండాడు, నేనెట్ల చెప్పేది?"

నాయనకు ఫోన్ చేస్తే అది మా ఇంట్లోనే, మేకుకు తగిలించిన సంచిలో మోగింది. ఆటో పట్టుకుని పరుగెత్తాను.

"కంప్యూటర్లో అందరూ పోయినట్టే ఉండాది గదప్పా," అని మేనేజరు అరుస్తున్నాడు.

"దానికి మొకాలు తెల్సునా సార్? నా కూతురు లోపలే ఉండాది," అంటున్నాడు నాయన.

సరిగ్గా అప్పుడు నేను రోడ్డు వైపు నుంచి వచ్చాను. అందరూ నన్నే చూశారు. నా చెంపకు ఇంకా చాప గీతలున్నాయి.

మేనేజరు నన్ను వారం పాటు రావద్దన్నాడు. నాయన పని మాత్రం పోలేదు. ఇంటిదారిలో నాకు ఒళ్ళు మండిపోయింది. "కన్నకూతుర్నే పట్టిస్తావా నాయనా?"

ఆయన తెల్లబోయాడు. "పట్టిచ్చేదేంది పాపా? కండ్లు తిరిగి యాడో పడిపోయినావనుకుంటి. బీగమేస్తే మళ్ళా సోమవారమే గదా తీసేది."

అప్పుడు చూశాను, ఆయన చొక్కా నిండా దారప్పోగులు. గేటుకు అడ్డం నిలబడే ముందు లోపలి బట్టల మూటలన్నీ ఒక్కడే ఎత్తి వెతికాడట. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఏడ్సద్దులే," అన్నాడు. "ఇంగోసారి గోడ దూకేటప్పుడు నాకు చెప్పి దూకు."